మన ఎంపీ ఎటు ఓటేశారో ఎక్కడ చూడాలి? ఉత్తరం ఎలా రాస్తే జవాబు వస్తుంది?

మీరు అడిగినవి రెండు. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణ మీద మన ఎంపీలు లోక్‌సభలో ఎటు ఓటేశారో ఎంత వెతికినా దొరకలేదు, అది ఎక్కడ ఉంటుంది అన్నది మొదటిది. గాజువాకలో మీ కాలనీ సంఘం తరఫున ఎంపీ ఆఫీసుకు రాయాలనుకుంటున్నారు, జవాబు రావాలంటే ఎలా రాయాలి, ఫేస్‌బుక్‌లో కనిపించే శాలువాలూ పూలగుత్తులూ చూసి పని జరుగుతోందో లేదో ఎలా తేల్చుకోవాలి అన్నది రెండోది.

నేను ఉత్తరాంధ్ర ఎంపీ ఒకరి దగ్గర ఢిల్లీలో చాలా ఏళ్లు పార్లమెంటు పని చూశాను. ప్రశ్నలు తయారు చేయడం, నోటీసులు ఇవ్వడం, మంత్రుల పేషీల చుట్టూ తిరగడం, వచ్చిన జవాబులు ఫైలు చేయడం నా పని. ఇప్పుడు మర్రిపాలెంలో ఉంటున్నాను, ఏ పార్టీతోనూ సంబంధం లేదు. ఈ రెండు ప్రశ్నలూ చాలామంది అడిగేవే కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మొదటిదానికి జవాబు చాలామందికి మింగుడుపడదు. మీకు దొరకలేదంటే మీరు సరిగ్గా వెతకలేదని కాదు, అసలు అలాంటి ఓటింగే జరగలేదు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం ఉక్కు కర్మాగారంలో నూటికి నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. అది మంత్రివర్గ నిర్ణయం, బిల్లు కాదు. ఆ కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ 1982లో కంపెనీల చట్టం కింద పెట్టిన కంపెనీ. ఆ వాటాలు అమ్మాలంటే సభలో చట్టం చేయాల్సిన పని లేదు. 2025 జనవరిలో ప్రకటించిన 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ కూడా మంత్రివర్గమే ఇచ్చింది. కాబట్టి కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఎవరైనా మైకు పట్టుకుని ఫలానా ఎంపీ ప్రైవేటీకరణకు ఓటేశాడన్నా, వ్యతిరేకంగా ఓటేశాడన్నా నమ్మకండి. రెండూ ఉత్తమాటలే.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఒకప్పుడు కాల్టెక్స్ వాళ్లది. దాన్ని ప్రభుత్వం తీసుకోవడానికి 1977లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. 2003లో అప్పటి కేంద్ర ప్రభుత్వం హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్ వాటాలు అమ్మబోతే సుప్రీంకోర్టు అడ్డం పడింది. చట్టం చేసి తీసుకున్న కంపెనీలను ఆ చట్టాలు సవరించకుండా అమ్మడానికి వీల్లేదంది. అంటే ఒకే ఊళ్లో, పక్కపక్కనే ఉన్న రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకదానికి ఎంపీల ఓటు కావలసి వచ్చింది, రెండోదానికి అక్కర్లేకపోయింది. సంస్థ ఎలా పుట్టిందన్నదాన్ని బట్టి ఇది మారుతుంది.

ఇంకో సంగతి. బీపీసీఎల్‌ను జాతీయం చేసిన చట్టం 2016లో రద్దయింది. పనికిరాని పాత చట్టాల పేరుతో 187 చట్టాలను ఒకేసారి తీసేసిన రద్దు, సవరణ చట్టంలో అదీ పోయింది. ఆ సమయంలో దాన్ని పట్టించుకున్న ఓటరు ఎవరూ నాకు తగల్లేదు. ముఖ్యమైన ఓటు ఎప్పుడూ గొడవ జరిగిన బిల్లులోనే ఉంటుందని అనుకోకండి.

ఇక ఓటింగ్ జరిగిన బిల్లుల సంగతి. లోక్‌సభలో చాలా బిల్లులు వాయిస్ ఓటుతో, అంటే నోటి మాటతో పాసవుతాయి. స్పీకర్ గారు అనుకూలురు ‘ఆయ్’ అనమంటారు, వ్యతిరేకులు ‘నో’ అనమంటారు, ఏది గట్టిగా వినిపించిందనుకుంటే అది చెబుతారు. అందులో ఎవరి పేరూ నమోదు కాదు. ఆ రోజు మీ ఎంపీ సభలో ఉన్నారో, క్యాంటీన్‌లో ఉన్నారో కూడా తెలియదు. ఎవరైనా సభ్యుడు లేచి డివిజన్ కావాలని పట్టుబడితే లాబీలు ఖాళీ చేయిస్తారు, మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది, తలుపులు వేస్తారు. అప్పుడు సీటు ముందున్న మీటలు నొక్కుతారు. ఆకుపచ్చ అనుకూలం, ఎరుపు వ్యతిరేకం, పసుపు తటస్థం. పేరుపేరునా రికార్డయ్యేది అప్పుడు మాత్రమే. అనవసరంగా డివిజన్ అడుగుతున్నారని స్పీకర్‌కు అనిపిస్తే మీటలు లేకుండా సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కపెట్టించవచ్చు. అప్పుడూ పేర్లు రావు.

మన రాష్ట్రం రెండు ముక్కలైన బిల్లునే తీసుకోండి. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు పాసైంది. అదీ వాయిస్ ఓటే. తెలుగువాళ్లకు అంతకంటే పెద్ద బిల్లు మరొకటి రాలేదు. బిల్లు మొత్తానికి ఎవరు ఆయ్ అన్నారు, ఎవరు నో అన్నారు అని ఇవాళ మీరు తీసి చూపించడానికి పేర్ల జాబితా లేదు.

రాజ్యాంగ సవరణలకు మాత్రం డివిజన్ తప్పదు. మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి కాబట్టి లెక్క తేలాలి. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ల బిల్లుకు 454 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. కొత్త భవనంలోకి అప్పుడే మారారు కాబట్టి ఆ రోజు మీటలు కాదు, రంగు చీటీలు పంచారు. మామూలు బిల్లయినా ప్రతిపక్షం పట్టుబడితే డివిజన్ వస్తుంది. 2025 ఏప్రిల్‌లో అర్ధరాత్రి దాటాక పాసైన వక్ఫ్ సవరణ బిల్లుకు 288 అనుకూలం, 232 వ్యతిరేకం. 2018 జులై 20న ప్రత్యేక హోదా విషయంలో తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానానికి ఆ రోజు సభలో ప్రకటించిన లెక్క 126 అనుకూలం, 325 వ్యతిరేకం. అప్పటి విశాఖ ఎంపీ బీజేపీకి చెందిన కంభంపాటి హరిబాబు గారు. వైఎస్సార్‌సీపీ లోక్‌సభ సభ్యులు ఐదుగురు అప్పటికే రాజీనామాలు చేసి బయట ఉన్నారు. ఆ రోజు జాబితా తీసి చూస్తే ఆంధ్ర రాజకీయం మొత్తం ఒక్క పేజీలో కనిపిస్తుంది.

ఎక్కడ చూడాలంటే, సంసద్ డాట్ ఇన్ అనే పార్లమెంటు వెబ్‌సైటులో లోక్‌సభ విభాగంలోకి వెళ్లండి. డిబేట్లు అనే చోట తేదీ ఇస్తే ఆ రోజు చర్చ పూర్తి పాఠం పీడీఎఫ్‌గా వస్తుంది. డివిజన్ జరిగి ఉంటే చర్చ చివర ‘ఆయ్స్’, ‘నోస్’ కింద పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి. ఫోన్‌లో కంటే కంప్యూటర్‌లో తెరవడం నయం, ఫైళ్లు పెద్దవి. 2014 నుంచి 2019 వరకు 16వ లోక్‌సభ, తర్వాతది 17వది, ఇప్పుడున్నది 18వది. విశాఖకు వరసగా హరిబాబు గారు, ఎం.వి.వి. సత్యనారాయణ గారు, మతుకుమిల్లి శ్రీభరత్ గారు. ఈ పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగు సభ రికార్డులో ఎలా ఉందో ముందు సభ్యుల పేజీలో చూసుకుని అలాగే వెతకండి. లేకపోతే పేరు ఉండి కూడా కనపడదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. స్పీకర్ గారు ఫలితం చదివేటప్పుడు ‘సవరణకు లోబడి’ అంటారు. మీట పనిచేయనివాళ్లూ, తప్పు మీట నొక్కినవాళ్లూ చీటీలు రాసిస్తారు, వాటిని తర్వాత కలుపుతారు. రాత్రి టీవీలో వచ్చిన అంకె, మర్నాడు పేపర్లో వచ్చిన అంకె, చివరికి రికార్డులో ఉన్న అంకె మూడు రకాలుగా ఉండొచ్చు. అందులో కుట్రేమీ లేదు. రికార్డులో ఉన్నదే పట్టుకోండి.

ఇంత కష్టపడి జాబితా తీశాక మీకు తెలిసేది ఎంత? నిజం చెప్పాలంటే కొంచెమే. 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూల్ ప్రకారం పార్టీ విప్, అంటే ఎటు ఓటేయాలో చెప్పే ఆదేశం, జారీ చేశాక దానికి వ్యతిరేకంగా ఓటేసినా, ఓటు వేయకుండా ఉన్నా సభ్యత్వం పోవచ్చు. పార్టీ 15 రోజుల్లోగా క్షమిస్తేనే బయటపడతారు. మూడు గీతలు గీసిన విప్ కాగితం చేతికొచ్చాక ఎంపీ గారి సొంత అభిప్రాయానికి అక్కడ చోటు లేదు. కాబట్టి డివిజన్ జాబితాలో మీరు చదివేది చాలావరకు పార్టీ నిర్ణయం. ఆ రోజు మనిషి సభకు వచ్చారా లేదా అన్నది ఒక్కటే ఆయన సొంతం. పార్టీని నిలదీయడానికి ఓటు రికార్డు వాడుకోండి. ఎంపీని తూకం వేయాలంటే విప్ అంటని పనులు చూడాలి. ప్రశ్నలు, జీరో అవర్ (అత్యవసర విషయాలు సభలో లేవనెత్తే సమయం), స్థాయీ సంఘం (శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీ), మంత్రులకు రాసిన ఉత్తరాలు, ఎంపీ నిధులు. ఈ ఐదింటిలో ఎవరూ ఆయన చేయి పట్టుకుని ఆపరు.

ప్రశ్నల గురించి నాలుగు మాటలు ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నా బతుకంతా అందులోనే గడిచింది. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు. స్టార్డ్ వాటికి మంత్రి నిలబడి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. కానీ ఉదయం 11 నుంచి 12 వరకు ఉండే ఆ గంటలో నాలుగైదు ప్రశ్నలకు మించి అవ్వవు, గొడవ జరిగితే అవీ అవ్వవు. అన్‌స్టార్డ్ వాటికి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. ఒక సభ్యుడు ఒక రోజుకు ఐదు నోటీసులకు మించి ఇవ్వకూడదు. ఇచ్చినవన్నీ రావు, లాటరీలా బ్యాలెట్ తీస్తారు. నోటీసు కనీసం 15 రోజుల ముందు పడాలి.

పీఆర్ఎస్ అనే సంస్థ వెబ్‌సైటులో ప్రతి ఎంపీకీ హాజరు శాతం, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు, ప్రైవేటు బిల్లులు అన్నీ ఉంటాయి. రాష్ట్ర సగటు, దేశ సగటు పక్కనే చూపిస్తారు. మంచి పని చేస్తున్నారు, నేనూ వాడతాను. అయితే ఆ అంకెలతో వాట్సాప్ గ్రూపుల్లో మార్కులు వేసే అలవాటు ఒకటి వచ్చింది. శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారికి 2024 జూన్ తర్వాత ప్రశ్నలు లేవని ఎవరైనా ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకోండి. ఆయన కేంద్ర మంత్రి. మంత్రులు జవాబులు చెప్పాలి, ప్రశ్నలు వేయరు, హాజరు రిజిస్టరులో సంతకం కూడా పెట్టరు. మామూలు ఎంపీలకైనా ప్రశ్నల సంఖ్య చూసి మురిసిపోనక్కర్లేదు. ఒకే ప్రశ్నకు పదిమంది పేర్లు కలిపి వేస్తారు, అది పదిమంది ఖాతాలోనూ పడుతుంది. ఢిల్లీలో సెషన్ ముందు ప్రశ్నలు కట్టలు కట్టలుగా తయారు చేసి ఇచ్చే కుర్రాళ్లు ఉంటారు. ‘దేశంలో చిరుధాన్యాల ప్రోత్సాహానికి ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి’ లాంటి ప్రశ్న విశాఖ ఎంపీ పేరున ఉన్నా, వారణాసి దగ్గర ఎవరి పేరున ఉన్నా తేడా ఏముంటుంది?

అందుకని సంఖ్య వదిలేసి శీర్షికలు చదవండి. మన ఊరికి కేంద్రంతో పని పడేవి ఏవి? పోర్టు, ఉక్కు, తూర్పు నౌకాదళం, రైల్వే, హెచ్‌పీసీఎల్, ఎయిర్‌పోర్టు, పదహారో నంబరు జాతీయ రహదారి, పీఎఫ్, ఈఎస్‌ఐ, ఐఐఎం. వీటి మీద ఎన్ని అడిగారు, అడిగినదానికి జవాబు వచ్చాక మళ్లీ దాన్నే పట్టుకుని ఇంకోటి వేశారా అన్నది చూడండి. ఒకే విషయం మీద మూడు సెషన్లలో మూడు ప్రశ్నలు వేసిన ఎంపీ, మూడు వందల విషయాల మీద ఒక్కొక్కటి వేసిన ఎంపీ కంటే పనిమంతుడు.

జవాబు చదవడానికి ఒక కిటుకు ఉంది. ప్రశ్నలో (ఎ), (బి), (సి), (డి) అని విడివిడిగా ఉంటాయి. జవాబు మాత్రం ‘(ఎ) నుంచి (డి) వరకు’ అని మొదలై ఒకే పేరాలో ఉంటే జాగ్రత్తగా చదవండి. అందులో (సి)కి సమాధానం ఉండదు. మీకు కావలసిందేమో (సి)యే. మా ఆఫీసులో జవాబు రాగానే మొదట పెన్సిల్‌తో ఏ భాగానికి ఏ వాక్యం చెప్పారో గుర్తులు పెట్టేవాళ్లం. గుర్తు పడని భాగం మీద వచ్చే సెషన్‌కు కొత్త ప్రశ్న. విసుగు పుట్టించే పనే, కానీ శాఖ చివరికి అంకె చెప్పక తప్పేది కాదు.

‘పరిశీలనలో ఉంది’, ‘సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం’ అన్న జవాబులు వచ్చాయనుకోండి, చాలామంది పెదవి విరిచి వదిలేస్తారు. వదలకండి. అలాంటి మాటలను సభ హామీలుగా లెక్కగడుతుంది. ప్రభుత్వ హామీల సంఘం అని ఒకటుంది, మూడు నెలల్లో వాటిని నెరవేర్చాలి, లేకపోతే శాఖ గడువు పొడిగింపు అడగాలి. ఆ సంఘం పెండింగు హామీల మీద నివేదికలు వేస్తుంది, అధికారులను పిలిచి కూర్చోబెడుతుంది. మీ ఎంపీకి రాసేటప్పుడు ‘ఫలానా తేదీ, ఫలానా నంబరు ప్రశ్నకు ఇచ్చిన హామీ ఇంకా తీరలేదు’ అని ఒక్క వాక్యం రాస్తే ఆ ఉత్తరం విలువే వేరు.

రాతలో ఉన్నదానికీ నోటితో చెప్పినదానికీ తేడా మనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ప్రత్యేక హోదా 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటన. పునర్వ్యవస్థీకరణ చట్టంలో ఎక్కలేదు, దాని గతి చూశాం. రైల్వే జోన్ సంగతి అదే చట్టం పదమూడో షెడ్యూల్లో ఉంది, అదీ జోన్ ఇస్తామని కాదు, ఆరు నెలల్లో పరిశీలించాలని. ఆ ఒక్క పంక్తి పట్టుకుని అన్ని పార్టీల ఎంపీలూ అడిగీ అడిగీ 2019 ఫిబ్రవరిలో ప్రకటన వచ్చింది, జోన్ కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. పదేళ్లు పట్టినా కాగితం మీద ఉన్నది కాబట్టి నిలిచింది.

స్థాయీ సంఘాలను మన పేపర్లు పట్టించుకోవు. మీ ఎంపీ ఏ సంఘంలో ఉన్నారో లోక్‌సభ పేజీలోనే ఉంటుంది. బొగ్గు, గనులు, ఉక్కు శాఖల సంఘం నివేదికల్లో మన ప్లాంటు గురించి ఏటా ఏదో ఒకటి దొరుకుతుంది. నివేదిక చివర సమావేశాల మినిట్స్ ఉంటాయి, ఎవరెవరు హాజరయ్యారో పేర్లతో సహా. అక్కడ కెమెరాలు ఉండవు, విప్ ఉండదు. కెమెరా లేనిచోట కూడా కూర్చుని పని చేస్తున్నారంటే ఆ మనిషికి కాస్త ఎక్కువ మార్కులే వేస్తాను.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఎంపీ ఆఫీసుకు పొద్దున్నే ఎవరు వస్తారో తెలిస్తే మీ ఉత్తరం ఎక్కడ పడుతుందో అర్థమవుతుంది. అందరికంటే ముందు తిరుమల దర్శనానికి సిఫార్సు లేఖ కావలసినవాళ్లు. తర్వాత రైల్లో వెయిటింగ్ లిస్టు టికెట్ ఎమర్జెన్సీ కోటాలో ఖరారు కావలసినవాళ్లు, సాయంత్రం బండికి పొద్దున వస్తారు, వాళ్ల టెన్షన్ వాళ్లది. ఆసుపత్రి బిల్లు పట్టుకుని ప్రధాని సహాయ నిధికి లేఖ కోసం వచ్చేవాళ్లు. ఇది నిజంగా ప్రాణం మీది పని, దీన్ని ఏ ఆఫీసూ పక్కన పెట్టదు, పెట్టకూడదు. కేంద్రీయ విద్యాలయం సీట్ల కోసం ఒకప్పుడు వచ్చే జనం చెప్పనలవి కాదు, ఎంపీకి పది సీట్ల కోటా ఉండేది. 2022లో దాన్ని ఎత్తేశాక సగం ఎంపీలు లోలోపల సంతోషించారు, పదిమందికి ఇచ్చి వందమందితో తిట్లు తినడం తప్పింది. వీళ్లందరి తర్వాత పెళ్లి పిలుపులు, విగ్రహావిష్కరణలు. మీ నాలుగు పేజీల వినతిపత్రం వీటన్నిటి కింద ఉంటుంది. జవాబు రాకపోవడానికి ప్రతిసారీ నిర్లక్ష్యమే కారణం కాదు. దానితో ఏం చేయాలో చదివిన కుర్రాడికి అర్థం కాకపోవడం ఎక్కువసార్లు కారణం.

కాబట్టి ఒకే పేజీ, ఒకే విషయం. రోడ్లు, కాలువలు, దోమలు, రేషన్ కార్డులు అందులో కలపకండి. అవి జీవీఎంసీ, కార్పొరేటర్, ఎమ్మెల్యే చూసేవి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వాలి. రాష్ట్రం చూసే విషయం మీద లోక్‌సభలో ప్రశ్న వేసినా లోక్‌సభ సచివాలయం తిప్పి పంపేస్తుంది. ఆ తర్వాత ఎంపీ ఏం చేయాలో మీరే చెప్పండి. ‘తగు చర్య తీసుకోగలరని ప్రార్థన’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘ఈ సెషన్‌లో రైల్వే శాఖకు అన్‌స్టార్డ్ ప్రశ్న వేయగలరు’ అంటే తెలుస్తుంది. ఇంకా మంచిది, ప్రశ్న మీరే తయారు చేసి జత చేయండి. దువ్వాడ స్టేషన్ గురించి అయితే ఇలా:

‘రైల్వే మంత్రి తెలుపగలరా: (ఎ) గత మూడేళ్లలో విశాఖపట్నం స్టేషన్‌కు రాకుండా దువ్వాడ మీదుగా నడిచిన రైళ్ల సంఖ్య ఏడాదివారీగా, (బి) అదే కాలంలో దువ్వాడ స్టేషన్‌లో ప్రయాణికుల సౌకర్యాలకు మంజూరైన మొత్తం, ఖర్చయిన మొత్తం, (సి) లిఫ్టులు, ఎస్కలేటర్లు ఏ ప్లాట్‌ఫారాలకు మంజూరయ్యాయి, ఎప్పటికి పూర్తవుతాయి, (డి) మంజూరు కాకపోతే కారణాలు?’

చూడండి, ఇందులో విమర్శ లేదు, విశేషణం లేదు. అంకె, తేదీ, కారణం మాత్రమే అడిగాం. ‘ప్రజలు నానా ఇబ్బందులు పడుతున్న సంగతి ప్రభుత్వానికి తెలుసా’ అని రాస్తే ‘లేదు’ అని ఒక్క మాటలో తేల్చేసే అవకాశం మనమే ఇచ్చినట్టు. సమయం కూడా చూసుకోండి. బడ్జెట్ సమావేశాలు జనవరి చివర, వర్షాకాలంవి సాధారణంగా జులైలో, శీతాకాలంవి నవంబరు, డిసెంబరుల్లో మొదలవుతాయి. నోటీసు గడువు 15 రోజులు కాబట్టి సెషన్ తేదీలు పేపర్లో రాగానే మీ ఉత్తరం అక్కడ ఉండాలి. సెషన్ మొదలయ్యాక ఇస్తే శాలువా కప్పి ఫొటో దిగడానికే పనికొస్తుంది.

ఉత్తరం ఏ ఎంపీకి రాయాలో కూడా సరిచూసుకోండి. విశాఖ లోక్‌సభ కింద భీమిలి, తూర్పు, దక్షిణ, ఉత్తర, పశ్చిమ, గాజువాక, విజయనగరం జిల్లాలోని శృంగవరపుకోట ఉన్నాయి. పెందుర్తి వాళ్లు నగరంలోనే ఉన్నా వాళ్ల ఎంపీ అనకాపల్లి ఎంపీ. పరవాడ ఫార్మా సిటీ మీద విశాఖ ఎంపీని తిట్టేవాళ్లు చాలామంది కనిపిస్తారు. సభలో ప్రశ్న ఎవరైనా వేయొచ్చు గానీ మొదట అడగాల్సింది మీ ఓటు పడిన మనిషిని. ఉక్కు విషయంలో ఇంకోటి గుర్తుపెట్టుకోండి, ఇప్పటి కేంద్ర ఉక్కు శాఖ సహాయ మంత్రి నరసాపురం ఎంపీ భూపతిరాజు శ్రీనివాసవర్మ గారు. మన భాషలో రాసిన ఉత్తరం అనువాదం లేకుండా చదవగలిగిన మనిషి ఆ శాఖలోనే ఉన్నారు.

ఫేస్‌బుక్ ఫొటోల సంగతి. కేంద్ర మంత్రికి వినతిపత్రం ఇస్తున్న ఫొటో కనిపిస్తే కోపం తెచ్చుకోకండి, ఎగిరి గంతేయకండి. ఎంపీ ఉత్తరం అందిన 15 రోజుల్లో అందినట్టు తెలపాలని, ఆపై మరో 15 రోజుల్లో జవాబివ్వాలని కేంద్ర శాఖలకు మార్గదర్శకాలు ఉన్నాయి. అందుకని నెలన్నర ఆగి, ఆ ఫొటో కిందే మర్యాదగా అడగండి: ‘సార్, ఈ లేఖకు మంత్రి గారి నుంచి వచ్చిన జవాబు కాపీ పెట్టగలరా?’ ఒక్కరు అడిగితే పట్టించుకోరు. కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద అడిగితే పట్టించుకుంటారు. వచ్చిన జవాబు కూడా రెండు రకాలు. ‘మీ లేఖ అందింది, సంబంధిత అధికారులకు పంపాను’ అన్నది రసీదు మాత్రమే. అసలు జవాబులో విషయం ఎక్కడిదాకా వచ్చిందో, ఎందుకు కుదరదో రాసి ఉంటుంది. కుదరదని వచ్చిన జవాబును కూడా బయటపెట్టే ఎంపీ దొరికితే పార్టీ చూడకుండా మెచ్చుకోండి, అలాంటివాళ్లు తక్కువ.

సభలో మాట్లాడిన వీడియోలు కూడా అంతే. నలభై సెకన్ల రీల్‌కు వెనక మ్యూజిక్ పెడతారు. సంసద్ టీవీలో పూర్తిది చూడండి, లేదా అదే రోజు డిబేట్ పాఠం తీయండి. జీరో అవర్‌లో మాట్లాడినదానికి మంత్రి అక్కడికక్కడే జవాబివ్వాలన్న నియమం లేదు. అడిగామని చెప్పుకోవడానికి అది చాలు, జవాబు రాబట్టడానికి ప్రశ్నే కావాలి. ఫోన్లకూ, ఉత్తరాలకూ జవాబివ్వడం ఏదో దయ అని ఎవరైనా అంటే, 2023 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి నెలకు 87,000 నియోజకవర్గ భత్యం, 75,000 ఆఫీసు ఖర్చులు జీతం కాకుండా విడిగా ఇస్తున్నారని చెప్పండి. అందులో సిబ్బందికని కేటాయించిన భాగం ఉంది.

చివరగా ఆర్టీఐ. ఎంపీ ఎలా ఓటేశారన్నదానికి ఆర్టీఐ అక్కర్లేదు, ఉన్నదంతా వెబ్‌సైటులోనే ఉంది, లేనిది దరఖాస్తు పెట్టినా రాదు. ఆర్టీఐ పనికొచ్చేది ఎంపీ నిధులకు. ఏడాదికి 5 కోట్లు. ఎంపీ పనిని సిఫార్సు చేస్తారు, మంజూరు చేసి చేయించేది జిల్లా యంత్రాంగం. కనీసం 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకు పోవాలి. అడిగేది ఎంపీ ఆఫీసును కాదు, మహారాణిపేటలోని కలెక్టరేట్‌ను. పది రూపాయల ఫీజుతో, ‘ఫలానా ఆర్థిక సంవత్సరంలో గాజువాక నియోజకవర్గంలో సిఫార్సు చేసిన పనులు, మంజూరైనవి, పూర్తయినవి, ఒక్కో పని విలువ, చేసిన ఏజెన్సీ’ అని అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. సిఫార్సు తేదీకీ మంజూరు తేదీకీ మధ్య ఏడాది తేడా ఉంటే అది ఎంపీ తప్పు కాదు, అక్కడ ఎవరిని అడగాలో మీకే తెలుస్తుంది. ఎంపీ అధ్యక్షతన జరిగే దిశ కమిటీ సమావేశాల మినిట్స్ కూడా అదే దరఖాస్తులో కలిపి అడగొచ్చు. కేంద్ర పథకాల మీద జిల్లా అధికారులను ఎంపీ ఏం నిలదీశారో అందులో ఉంటుంది.

మీ కాలనీ సమస్య ఏమిటో రాయలేదు. రైల్వేదో, పోర్టు కాలుష్యమో, ఉక్కు నిర్వాసితులదో చెబితే ప్రశ్న రూపంలో నాలుగు భాగాలుగా రాసి పెడతాను, మీ లెటర్‌హెడ్ మీదికి ఎక్కించుకోండి.